మామయ్యగారూ, ఇంకొంచెం గట్టిగా దులపండి

పుష్పవృష్టి కురిపించే పని పూర్వం దేవతలది. కింద ఎవరైనా రాక్షసుణ్ణి చంపితేనో, విల్లు విరిస్తేనో పైనుంచి పూలు పడేవి. ఇప్పుడు ఆ శాఖను మామగార్లకు అప్పగించారు. రాక్షసుడి అవసరం కూడా తీరిపోయింది. కూతురు గులాబీ రంగు చీర కట్టుకుని చెట్టు కింద నిలబడాలి, అల్లుడు ఫోను పట్టుకోవాలి, మామగారు కొమ్మ పట్టుకుని దులపాలి. అంతే. ఈ పాలనా సంస్కరణను నేను కళ్లారా చూసింది టోక్యోలో, ఉయెనో జూలో, చెర్రీ పూలు విరగబూసిన ఒక శనివారం నాడు.

తప్పు నాదే. మా అబ్బాయి నిషి కసాయిలో ఉంటాడు. టోక్యోలో మనవాళ్లు గుంపుగా కాపురాలు పెట్టిన పేట అది. ఇంట్లో ఊరికే కూర్చున్నానని జాలిపడి, "నాన్నా, మా ఆఫీసు కుర్రాడు ఫ్యామిలీతో జూకి వెళ్తున్నాడు, నువ్వూ వెళ్లిరా" అన్నాడు. ఫ్యామిలీ అంటే అతను, భార్య, ఆమె అమ్మానాన్న. మామగారు రిటైర్డ్ ఇంజనీరు. నేను రిటైర్డ్ టీచరునని తెలియగానే "మాస్టారూ" అని ఆప్యాయంగా భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి ఎంత బలమైనదో తరవాత తెలిసింది.

పూల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అక్కడ పూలు పూశాయని చెట్టు చెబితే సరిపోదు, ప్రభుత్వం చెప్పాలి. టోక్యోకి ఒక నమూనా చెట్టు ఉంది, యాసుకుని గుడి ఆవరణలో. వాతావరణ శాఖ ఉద్యోగి వచ్చి, మెడ ఎత్తి, ఐదారు పూలు విచ్చుకున్నాయని లెక్క తేల్చాక, చుట్టూ కెమెరాలు పెట్టుకుని ఎదురుచూస్తున్న విలేఖరుల ముందు "పూసింది" అని ప్రకటిస్తాడు. అప్పటిదాకా పూసిన పూలన్నీ అనధికారమే. విరగబూశాక వారం రోజుల ముచ్చట. గాలి వీస్తే వాటంతటవే రాలతాయి. మంచు తుపానులా రాలతాయని ఆ రాలడానికి వాళ్ల భాషలో ఒక పేరే ఉంది, హనాఫుబుకి.

మనవాళ్లకు ఆ వాటంతటవే అనే మాట గిట్టదు.

ఇంకో సంగతి. ఎక్కువగా కనబడే రకం సొమెయ్ యోషినో. దేశమంతటా ఉన్న ఈ చెట్లన్నీ అంట్లు కట్టి పెంచినవే, ఒకే చెట్టుకు నకళ్లు. అందుకే ఒక ఊళ్లో చెట్లన్నీ ఒకేసారి పూస్తాయి. ఇది వినగానే నాకు ఒక అనుమానం తీరింది. ఆ చెట్ల కింద తీసే రీల్సన్నీ కూడా ఒకే రీలుకు అంట్లు. అమ్మాయి అటు నడుస్తుంది, వెనక్కి తిరుగుతుంది, జుట్టు ఎగురుతుంది, పూలు రాలతాయి, అరచెయ్యి చాపుతుంది, ఒక రేక పడుతుంది, ఆశ్చర్యపోతుంది. నాన్న దులుపుతుంటే రేక పడటంలో ఆశ్చర్యం ఏముందమ్మా?

మేము షినోబజు చెరువు వైపు గేటులోంచి లోపలికి వెళ్లాం. పెద్దవాళ్లకు 600 యెన్లు, 65 దాటిన నాకు 300. 1882లో తెరిచిన జూ, జపాన్‌లో అన్నిటికన్నా పాతది. మామగారు మాత్రం గేటు దగ్గరే అసలు ప్రశ్న వేశారు: "పాండాలు ఎక్కడ?" లేవు. 1972 నుంచి ఈ జూ పేరు చెబితే పాండాయే గుర్తొస్తుంది. చివరిగా మిగిలిన కవలలను 2026 జనవరిలో చైనాకు పంపేశారు. కానీ బజార్లో మాత్రం పాండా బొమ్మలు, పాండా బిస్కెట్లు, పాండా టోపీలు. మామగారు ఒక టోపీ కొనుక్కున్నారు. జంతువు లేకపోయినా టోపీ ఉంది కాబట్టి ఆయనకు పెద్దగా లోటు అనిపించలేదు.

మొదటి దులుపుడు పాండా ఇంటికి వెళ్లే దారిలో జరిగింది. అల్లుడు కోణం చూశాడు. అమ్మాయి నిలబడింది. గాలి లేదు. ఐదు నిమిషాలు ఎదురుచూశారు, దానికి మెచ్చుకోవాలి. అప్పుడు అల్లుడు వినయంగా, "మామయ్యగారూ, కొంచెం ఆ కొమ్మ..." అన్నాడు. మామగారు చిన్నప్పుడు రేగుచెట్లు దులిపిన మనిషి. పాండా టోపీ సర్దుకుని, కొమ్మ పట్టుకుని, రేగుపళ్ల లెక్కలో ఒక్క ఊపు ఊపారు. పూలు రాలాయి. రేకలు కావు, తొడిమలతో సహా గుత్తులు గుత్తులుగా. అమ్మాయి నెత్తి మీద ఒక గుత్తి టప్పున పడింది. "నాన్నా! రేకలు పడాలి, పూలు కాదు!" ఇంజనీరు ఆలోచించారు. బలం తగ్గించి వేగం పెంచారు. అల్లుడికి చాల్లేదు. "మామయ్యగారూ, ఇంకొంచెం గట్టిగా దులపండి."

జూ సిబ్బందిలో ఒకాయన పరుగులాంటి నడకతో వచ్చారు. దూరం నుంచే రెండు చేతులూ గుండె ముందు ఇంటూ మార్కులా అడ్డంగా పెట్టారు. ఆ దేశంలో పసిపిల్లాడికి కూడా అర్థం తెలిసిన సైగ, వద్దు అని. అల్లుడు చూసి, "ఫోను అడ్డంగా పెట్టి తియ్యమంటున్నారు" అని ఫోను అడ్డం తిప్పాడు. ఆయన దగ్గరికొచ్చి, నడుం వంచి, ఏదో మెల్లగా చెప్పారు. మామగారు కొమ్మ వదిలేసి చేతులు జోడించారు. ఆయన ఇంకా కిందికి వంగారు. మామగారు ఊరుకుంటారా, మర్యాదలో మనం తక్కువ తిన్నామా, ఇంకా కిందికి వంగారు. టోపీ పడింది. ఆయన తీసి రెండు చేతులా అందించి మళ్లీ వంగారు. మామగారు మళ్లీ. ఇలా ఒకరు "దయచేసి చెట్టు ముట్టుకోకండి" అని, ఇంకొకరు "మీ ఆదరణకు ధన్యవాదాలు" అని వంగుతూ లేస్తూ ఉండగా ఒక బడిపిల్లల గుంపు ఆగి చూసింది. ఆ నిమిషంలో జంతువులను ఎవరూ చూడలేదు.

"ఎంత సంస్కారమండీ మాస్టారూ! చెట్టు దులిపినా దణ్ణం పెడుతున్నారు" అన్నారు మామగారు, కళ్లు చెమర్చి.

బోర్డులు లేవా అంటే ఉన్నాయి. జపనీస్, ఇంగ్లిష్, చైనీస్, కొరియన్. తెలుగులో లేదు కాబట్టి మనకు వర్తించదు. వాళ్లకు ఒక సామెత ఉంది. సాకురా కొమ్మ కొట్టేవాడు మూర్ఖుడు, ఉమె కొమ్మ కొట్టనివాడు మూర్ఖుడు అని. సాకురా అంటే ఈ చెర్రీయే, ఉమె అంటే వాళ్ల ప్లమ్ చెట్టు. ఉమె చెట్టును కత్తిరిస్తే బాగా పూస్తుంది. సాకురాకు గాయమైతే అక్కణ్నుంచి కుళ్లు పడుతుంది. దులిపేవాడి గురించి పాతవాళ్లు ఏమీ చెప్పలేదు. అలాంటివాడు పుడతాడని అనుకోలేదేమో పాపం.

తరవాత షూబిల్ పక్షి. బూటు లాంటి ముక్కు, నాలుగడుగుల ఎత్తు, బూడిద రంగు. గంటలకొద్దీ కదలదు. కదలకపోవడమే దాని ఉద్యోగం. దాన్ని చూడటానికి పెద్ద గుంపు, అందరి చేతుల్లో వీడియో ఆన్ చేసిన ఫోన్లు. కదలని పక్షిని వీడియో తీయడం ఎందుకో, ఫొటో చాలదా అని నేను అడగలేదు. అత్తగారు మాత్రం బెంచీ మీద కూర్చుని, మొదటినుంచీ ఒక్క మాటా మాట్లాడని మనిషి, "కొంగ జపం" అంది. పక్షిశాస్త్రం ప్రకారం అది కొంగ కాదు, పెలికాన్‌కు దగ్గరి చుట్టం. కానీ ఆ రోజు విన్న మాటల్లో తెలివైనది అదొక్కటే కాబట్టి నేను దిద్దలేదు. ఇంతలో అమ్మాయి పక్షికి వీపు పెట్టి నిలబడింది. అల్లుడు, "అది అసలు కదలట్లేదు, బ్యాక్‌గ్రౌండ్‌కి సూపర్" అన్నాడు.

బ్యాక్‌గ్రౌండ్. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

తూర్పు వైపుకు వచ్చాం. అక్కడ జూ ఆవరణలోనే పాత కనెయ్‌జీ గుడి తాలూకు ఐదంతస్తుల గోపురం ఉంది, 1639 నాటిది. గోపురం బ్యాక్‌గ్రౌండ్, రెండో దులుపుడు. ఈసారి మామగారు అటూ ఇటూ చూసి, నమస్కారం పెట్టేవాళ్లు ఎవరూ రావట్లేదని నిర్ధారించుకుని మరీ దులిపారు. అంటే మొదటిసారి అర్థమైందన్నమాట! సంస్కారం, కళ్లు చెమర్చడం, అదంతా నటన! అప్పటిదాకా ఆయన అమాయకుడని ఇంత జాలిపడ్డాను, నా జాలి నాకు తిరిగి ఇచ్చేయమని అడగాలనిపించింది.

మూడోది ఏనుగుల దగ్గర. ఆ పక్కన చనిపోయిన జంతువుల కోసం కట్టిన ఒక స్మారకం ఉంది. ఎవరో పిల్లలు మడిచిన కాగితపు కొంగల దండలు వేలాడుతున్నాయి. అల్లుడు చుట్టూ చూసి, ఫోను నిలబెట్టే స్టాండుకు సరైన ఎత్తు దొరికిందని ఆ రాతి అంచు మీద పెట్టాడు. కాగితపు కొంగలు ఫ్రేములోకి వస్తున్నాయని చేత్తో పక్కకు నెట్టాడు.

నాకు వేళాకోళం అక్కడితో అయిపోయింది.

1943 ఆగస్టులో టోక్యో గవర్నరు ఒదాచి షిగెయో, జూలో ప్రమాదకరమైన జంతువులన్నిటినీ చంపెయ్యమని ఆదేశించాడు. బాంబులు పడితే తప్పించుకుని జనం మీద పడతాయట. టోక్యో మీద పెద్ద దాడులు మొదలైంది ఆ తరవాత ఏడాది దాటాక! సింహాలకు, ఎలుగుబంట్లకు, చిరుతలకు విషం పెట్టారు. ఏనుగులు మూడు, జాన్, టోంకీ, వాన్‌లీ. విషం కలిపిన బంగాళాదుంపల్ని అవి తినలేదు. సూది ఆ చర్మంలోకి దిగలేదు. అయితే మాడ్చి చంపండి. ఒక ఏనుగును ఉత్తరాన సెందాయ్ జూకు పంపేద్దామని ఏర్పాటు కూడా జరిగింది, గవర్నరు ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకుంటాడు? ఆయనకు కావలసింది జనం భద్రత కాదు. యుద్ధం ఎంత తీవ్రంగా ఉందో జనానికి తెలియాలి, దానికి కొన్ని చావులు కావాలి. సెప్టెంబర్ 4న పెద్దమనుషులను, బడిపిల్లలను పిలిచి, పూలు పెట్టి, మంత్రాలు చదివించి ఆ జంతువులకు సంతాపసభ చేశారు. అప్పటికి టోంకీ, వాన్‌లీ బతికే ఉన్నాయి. బతికున్నవాటికి కర్మకాండ! అవి కనబడకుండా తెర కట్టి అవతల దాచారు. ఆ రెండూ మనుషులు కనబడితే చాలు, నేర్పిన విన్యాసాలన్నీ చేసేవట. తొండం ఎత్తి, ముందుకాళ్లు ఎత్తి. ఆట ఆడితే అన్నం పెడతారని అవి నేర్చుకున్న లెక్క. మన గజేంద్రుడు మొరపెట్టుకుంటే పైవాడు భార్యకు కూడా చెప్పకుండా పరుగెత్తుకొచ్చాడు. ఇక్కడ ఎవడూ రాలేదు. వాన్‌లీ 11న పోయింది. టోంకీ 23 దాకా బతికింది. ఆ గవర్నరు యుద్ధం అయ్యాక 1953లో మంత్రి అయ్యాడు. ఏ శాఖో తెలుసా? విద్య. పిల్లల చదువులు!

ఆయనకు ఏనుగు బ్యాక్‌గ్రౌండే. అల్లుడుగారికీ బ్యాక్‌గ్రౌండే. ఆయన చంపాడు, ఇతను చంపలేదు కదా అంటారా? అనండి. ఆ స్టాండు అక్కడినుంచి తీసేదాకా నేను మీతో కూడా మాట్లాడను.

యుద్ధం ముగిశాక ఏనుగును ఎన్నడూ చూడని పిల్లలు ఆ ఊళ్లో తయారయ్యారు. వాళ్లు మన దేశానికి ఉత్తరాలు రాశారు, ఒక ఏనుగును పంపండి అని. 1949లో నెహ్రూ పంపారు. తన కూతురి పేరే పెట్టారు, ఇందిర. 1983లో చనిపోయేదాకా ఇందిర ఆ జూలోనే ఉంది. అంటే, ఆ చోట మన దేశానికి ఒక మంచి పేరు ఉంది, దాని బరువు కొన్ని టన్నులు. దాన్ని మనం ఒక కొమ్మ పట్టుకుని దులిపేస్తున్నాం.

ఇదంతా నేను అరిచి చెప్పానని చెప్పుకోవాలని ఉంది. చెప్పలేదు. "బాబూ, ఆ స్టాండు తియ్యి" అని మాత్రం అన్నాను, టీచరు గొంతుతో. తీశాడు. కొంగల దండను నేను సర్దాను. మామగారు దగ్గరికొచ్చి, "ఏంటి మాస్టారూ, షుగరు పడిపోయిందా? బిస్కెట్ తింటారా?" అని పాండా బిస్కెట్ పెట్టారు. తిన్నాను. బాగానే ఉంది.

కంచె అవతల అరుణ్ మట్టి నెత్తిన పోసుకుంటున్నాడు. 2020లో ఇదే జూలో పుట్టిన మగ గున్న. పేరు తాయ్‌లాండ్ నుంచి వచ్చిన పేరే అయినా మనకూ అర్థమయ్యేదే, పొద్దుపొడుపు. అప్పుడే గాలి వచ్చింది. ఎవరూ దులపకుండా, ఎవరూ అడగకుండా, ఏనుగు వీపు మీద, కంచె మీద, మామగారి టోపీ మీద రేకలు పడ్డాయి. గుత్తులు కావు, రేకలే. అల్లుడు ఫోనుకు ఛార్జింగ్ పెట్టుకుంటున్నాడు.

రాత్రి నిషి కసాయి వాట్సాప్ గ్రూపులో రీలు వచ్చింది. పంతొమ్మిది సెకన్లు. అమ్మాయి నడుస్తుంది, తిరుగుతుంది, అరచెయ్యి చాపుతుంది. మూడో దులుపుడు పనికొచ్చినట్టే ఉంది. వెనకాల మసకగా ఏనుగు, దాని పక్కన మసకగా ఒక ముసలాయన, మొహం ముడుచుకుని. కింద ఎవరో అడిగారు: "ఆ వెనకాల అంకుల్ ఎవరు? ఎడిట్‌లో తీసెయ్యొచ్చుగా."

మర్నాటికి తీసేశారు. ఏనుగును కూడా.