విమాన దూరం లెక్కగట్టే క్యాలిక్యులేటర్ గారికి

అయ్యా,

నమస్కారం. ఒక గడిలో శంషాబాద్, ఇంకో గడిలో డాలస్ అని కొట్టామో లేదో, 14,400 కిలోమీటర్లని తేల్చేశారు. దాన్ని గంటకు 800 చొప్పున భాగించి, విమానం లేవడానికీ వాలడానికీ కలిపి ఓ అరగంట కొసరు వేసి, ప్రయాణం పద్దెనిమిదిన్నర గంటలన్నారు. ఆ కొసరు చూసి మా ఇంటిల్లిపాదీ తమ ఉదారతకు మురిసిపోయాం.

దూరం తప్పని అనను. గుండ్రటి భూమ్మీద దగ్గరి దారి అదే. మీ గీత శంషాబాద్‌లో లేచి, దాదాపు నేరుగా ఉత్తరానికి, ఢిల్లీ పక్కనుంచి హిమాలయాలు, కజకిస్తాన్, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువాన్ని ఐదొందల కిలోమీటర్ల దూరంలో పలకరించి, కెనడా మీదుగా డాలస్‌లో వాలుతుంది. చూడముచ్చటగా ఉంది. దాని మీద వెళ్లే విమానమే లేదు, అంతే.

ఎగరలేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా వెళ్తున్నారు. మనవాళ్లు మాత్రం దోహాలోనో దుబాయ్‌లోనో లండన్‌లోనో దిగి మళ్లీ ఎక్కాల్సిందే. దోహా మీదుగా వెళ్తే దూరమే 15,600 దాటుతుంది. ఆ పైన ఎదురుగాలి. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనక నుంచి తోస్తుంది గానీ, రెండు వైపులకీ మీ లెక్క ఒకటే!

మా పెద్దమ్మ సంగతి వినండి. మీ గడియారం రన్‌వే మీద మొదలవుతుంది, ఆవిడది ఖమ్మంలో. షెడ్‌లో ఉన్న తూకం మిషన్ మీద సూట్‌కేసు పెట్టి, 23 కేజీలు దాటిందని ఆవకాయ సీసా తీసి, మనసొప్పక మళ్లీ పెట్టి, చీరలు తీసేసేసరికే ఓ పూట గడిచింది. తర్వాత కారులో శంషాబాద్, అక్కడ మూడు గంటల ముందే హాజరు. దోహాలో దారి తప్పకూడదని వీల్‌చైర్ బుక్ చేశాం. చేతిలో అన్నయ్య రాసిచ్చిన చీటీ: నాకు ఇంగ్లీషు రాదు, డాలస్ గేటు దగ్గర దింపండి. ఈ చీటీకి మీ లెక్కలో ఎన్ని నిమిషాలు?

ఇక టికెట్ మీద తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి అదే రోజు సాయంత్రం నాలుగింటికి చేరినట్టుంది. పెదనాన్న అది చూసి, "పన్నెండు గంటలేగా, దానికింత హడావిడి ఎందుకు?" అన్నారు. చలికాలంలో డాలస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. అంటే ఇరవై మూడున్నర. మీదొక కాకిలెక్క, టికెట్‌ది ఇంకొకటి. కాళ్లు వాచింది మాత్రం పెద్దమ్మకి.

అన్నట్టు, రెండు గడుల్లోనూ శంషాబాదే ఇస్తే మీ సూత్రం ప్రకారం దూరం సున్నా, ప్రయాణం అరగంట. ఇదొక్కటీ ఒప్పుకుంటాను. కాకపోతే జనవరి పొగమంచులో ఆ అరగంట మూడు గంటలవుతుంది, కాస్త సరిచేసుకోగలరు.

ఇట్లు,
ఖమ్మం నుంచి ఒక సాగనంపేవాడు