రిజర్వ్‌లో బతికే మహానుభావులు

బండి అడిగి తీసుకుపోయి రిజర్వ్‌లో తెచ్చి నిలబెట్టేవాళ్ల గురించి మన పురాణాల్లో ఒక్క శ్లోకం కూడా లేకపోవడం విచారకరం. వ్యాసుడికి బైకు లేదు కాబట్టి క్షమించవచ్చు. తిరుపతిలో బైకు ఉండి, బంధువులు కూడా ఉన్నవాళ్లకు మాత్రం ఈ జాతిని పరిచయం చేయాల్సిన పని లేదు.

తాళం చేతిలో పెడుతూ "పెట్రోలు కొట్టించినాలేన్నా" అంటాడు. నిజమే, కొట్టించాడు. 50 రూపాయలకు. ఈ రోజుల్లో దానికి అర లీటరు కూడా రాదు. పోనీ, అదీ క్షమిద్దాం. ఆయన అసలు ప్రతిభ ట్యాంకు కింద, ఎడమ మోకాలి దగ్గర కనబడుతుంది. ట్యాపును రిజర్వ్‌కు తిప్పుతాడు, మళ్లీ ఆన్‌లో పెట్టడు. ఎందుకు పెట్టడు? తిప్పింది అవసరానికి. అవసరం తీరాక ఇంకోడి బండి ట్యాపుతో ఆయనకేం పని?

రిజర్వ్ అంటే ట్యాంకులో వేరే గది అని నమ్మే అమాయకులు ఇంకా ఉన్నారు. ఉన్నది ఒకటే ట్యాంకు. ఆన్‌లో ఉన్నప్పుడు లోపల నిలబడి ఉండే పొడుగు గొట్టం నుంచి పెట్రోలు దిగుతుంది. మట్టం ఆ గొట్టం మూతి కంటే తగ్గగానే బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. రిజర్వ్‌కు తిప్పితే అడుగున ఉన్న దారి తెరుచుకుంటుంది. మామూలు వంద సీసీ బండిలో అక్కడ మిగిలేది లీటరుకు అటూఇటూ. బంకు దాకా పొమ్మని కంపెనీవాడు పెట్టిన దారిఖర్చు అది. ట్యాపు ముందే రిజర్వ్‌లో ఉంటే ఆ దగ్గు ఉండదు, హెచ్చరిక ఉండదు. ఆఖరి చుక్క దాకా హాయిగా పోతాం. భాకరాపేట ఘాట్ మధ్యలో, చుట్టూ శేషాచలం అడవి చూస్తుండగా, గోవిందా.

ఇక ఆ తర్వాతి కార్యక్రమం. లీలామహల్ సర్కిల్లో, శ్రీనివాస సేతు కింద, సాయంత్రం ఆరింటికి చూడాలి. బండి ఆగింది. మన శాస్త్రజ్ఞుడు దిగలేదు. కూర్చునే నడుము ఊపుతూ బండిని అటూ ఇటూ కుదిపాడు. తర్వాత ట్యాంకుకు చెవి ఆనించి విన్నాడు. "ఉందిన్నా, శబ్దం వస్తా ఉంది." మూత తీసి సెల్‌ఫోన్ టార్చి వేసి చూశాడు. పక్కన బీడీ కాలుస్తున్న పెద్దాయన కూడా ఆసక్తిగా వంగి చూశాడు. ఇద్దరూ బతికి ఉండటం స్వామివారి దయ. తర్వాత మూతికి నోరు పెట్టి ఊదాడు. ఆపైన బండిని పడుకోబెట్టాడు.

ఇందులో శాస్త్రం లేకపోలేదు. ట్యాంకు ఫ్రేము మీద గాడిద మీద మూటలా రెండు పక్కలా వేలాడుతుంది, ట్యాపు ఒక పక్కే ఉంటుంది. రెండో పక్క మిగిలిన గుక్కెడు పెట్రోలు మధ్యలో గట్టు దాటి రావాలంటే వంచక తప్పదు. కానీ ఈయన వంచడంతో ఆగలేదు. నడిరోడ్డులో బండి చేత అంగప్రదక్షిణ చేయించాడు. "ఇంకొంచెం వంచు సామీ," "హ్యాండిల్ పట్టుకో సామీ," "కొంచెం ఆగి కొట్టు కిక్కు" అంటూ ఆటోవాళ్లు సలహా సంఘంగా ఏర్పడ్డారు. వెనక ఆర్టీసీ బస్సు హారన్ మోగిస్తూనే ఉంది. కిక్కు, కిక్కు, కిక్కు. బండి స్టార్ట్ అయింది! జనం కళ్లలో ఆనందం. విజేత అదే ఊపులో ముందుకు దూసుకుపోయి, దారిలో వచ్చిన మొదటి బంకును దాటేశాడు. ఇంకో ఐదు కిలోమీటర్లు వస్తుందట.

బంకు అంటే ఆయనకు ఎందుకంత కోపమో అర్థం చేసుకోగలను. మన రాష్ట్రంలో పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం, దానిపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. అందుకే చిత్తూరులో రిజర్వ్ పడిన బండిని కాట్పాడి రోడ్డు పట్టించి, తమిళనాడులోకి దూరి ట్యాంకు నింపుకుని వచ్చేవాళ్లున్నారు. పోయిరావడానికి తాగిన పెట్రోలు లెక్కలోకి రాదు. అది రిజర్వ్‌ది కదా!

ఇంతవరకు నవ్వుకోవచ్చు. ఈ పొదుపు శాస్త్రం కొండ ఎక్కితే మాత్రం నాకు నవ్వు రాదు. తిరుమల నుంచి దిగేటప్పుడు మొదటి ఘాట్ రోడ్డులో చూడండి. ట్యాంకు మీద గుండు చేయించిన పసిపిల్ల, గుండు మీద చందనం ఇంకా తడిగానే ఉంటుంది. వెనక భార్య, ఆమె ఒళ్లో లడ్డూల సంచి. ఇంజిన్ ఆఫ్! పెట్రోలు మిగులుతుందట. ఎంత మిగులుతుంది? సుమారు 19 కిలోమీటర్ల దారి, ఎంత గట్టిగా లెక్కేసినా 40 రూపాయలు దాటదు. ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో జారితే గేరు పట్టు ఉండదు, భారమంతా బ్రేకుల మీదే. కాలిన వాసన వచ్చేదాకా నొక్కి, వేడెక్కిన బ్రేకు పట్టకపోతే ఆ మలుపులో ఎవరిని పిలుస్తావు? దిగడానికి 40 నిమిషాలకు తగ్గకూడదని టీటీడీ నిబంధన పెట్టింది నీ సరదా చెడగొట్టడానికా? కొత్త బండ్లలో గేర్లో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజిన్‌కు పెట్రోలు పోవడమే ఆగిపోతుంది. అంటే మిగిలే ఆ చిల్లర కూడా నీకు మిగలదు. ముప్పై, నలభై రూపాయలకు కన్నబిడ్డను పందెం కాసేవాడిని పొదుపరి అనకూడదు. అనాల్సిన మాట ఉంది, పత్రికలో వేయరు.

2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 అనే కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాక చాలా బండ్లకు ఆ ట్యాపే పోయింది. మా శాస్త్రజ్ఞుడు నా కొత్త బండి ఎక్కి ఎడమ మోకాలి దగ్గర చాలాసేపు తడుముకున్నాడు. "రిజర్వ్ యాడుందిన్నా?" అన్నాడు. మీటర్లో ఆఖరి గడి మిణుకుతుంటే నేరుగా బంకుకు పో, పంపు ట్యాంకులోనే ఉంటుంది, దాన్ని చల్లబరిచేది కూడా పెట్రోలే, ఎండగడితే కాలిపోతుంది అని ఓపికగా చెప్పాను. అంతా విని తలూపాడు.

"మిణుకుతా ఉందంటే ఇంకా ఉందనే కదన్నా."

అది మిణికేది బ్యాటరీతో రా నాయనా!