గోదావరి లంకల్లో హెలికాప్టర్ దిగేదెక్కడ?

1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద బాంబులు పడ్డాయి. వేసినవి జపాన్ విమానాలు. ఎక్కడో దూరదేశపు రన్‌వే మీంచి వచ్చినవి కావు. బంగాళాఖాతంలో తిరుగుతున్న ర్యూజో అనే యుద్ధనౌక డెక్ మీంచి లేచినవి. విశాఖనూ ఆ రోజే కొట్టాయి. నౌకాదళ విమానం అంటే ఏమిటో గోదావరి డెల్టాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. ఈ తీరాన్ని కాయాల్సిన నౌకాదళానికి అప్పుడు సొంత విమానం ఒక్కటీ లేదు.

ఆ లోటు తీరడం మొదలైంది స్వాతంత్ర్యం వచ్చి ఐదేళ్లు దాటాకే. 1953లో కొచ్చికి సీలాండ్ విమానాలు వచ్చాయి. నీటి మీదా నేల మీదా దిగగలవు. అదే ఏడాది మే 11న అక్కడ ఐఎన్‌ఎస్ గరుడ స్థావరం ఏర్పడింది. తర్వాత వచ్చిన ఫైర్‌ఫ్లై విమానాల పని మరీ చిత్రం: వెనక టార్గెట్ కట్టుకుని ఎగిరితే, ఓడల్లోని గన్నర్లు దాన్ని కాల్చి గురి నేర్చుకునేవారు. గోదావరి ఈదాలనుకున్నవాడు ముందు పంటకాల్వలో చేతులు ఆడించినట్టు అన్నమాట.

1961లో విమానవాహక నౌక విక్రాంత్ వచ్చింది. దానిమీద సీహాక్ జెట్లు, జలాంతర్గాముల్ని వెతికే అలిజే విమానాలు. పదేళ్లకే అసలు పరీక్ష. 1971 యుద్ధం నాటికి విక్రాంత్ నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగుళ్లు. ఓడ వేగంగా పోతే డెక్ మీద ఎదురుగాలి పుడుతుంది, విమానం లేవడానికి అది కావాలి. వేగం తగ్గితే ఎంత టెన్షనో పైలట్లనే అడగాలి. అయినా డిసెంబర్ 4న సీహాక్‌లు కాక్స్‌బజార్, చిట్టగాంగ్‌లను కొట్టాయి. విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు బయటే మునిగిపోయింది. ఈ విజయం మన తీరానిది కూడా.

తర్వాత సీహారియర్, మిగ్-29కే జెట్లు, పీ-8ఐ గస్తీ విమానాలు వచ్చాయి. 2017లో రిటైరైన టీయూ-142 గస్తీ విమానం విశాఖ బీచ్‌రోడ్డులో మ్యూజియమైంది. కోనసీమ నుంచి వెళ్లినవాళ్లు దాని ముందు సెల్ఫీ దిగకుండా తిరిగి రారు.

మాకు మాత్రం ఆ మ్యూజియం కన్నా విశాఖలోని నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగ ముఖ్యం. పేరు మన తెలుగు పక్షిదే. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, ముంపు గ్రామాలకు ఆహార పొట్లాలు జారవిడిచినవి నౌకాదళ హెలికాప్టర్లే. ఎనభై ఏళ్ల క్రితం సముద్రం వైపు నుంచి బాంబులు వచ్చిన ఆకాశంలోంచే ఈసారి అన్నం వచ్చింది.

పొట్లం పైనుంచి వేయొచ్చు. నెలలు నిండిన గర్భిణినో, డయాలసిస్ రోగినో తీసుకెళ్లాలంటే హెలికాప్టర్ దిగాలి, లేదా తాడు వేసి పైకి లాగాలి. గోదావరి పాయల మధ్య ఉండే ఈ లంకల్లో ఎటు చూసినా కొబ్బరి చెట్లు, వాటి మధ్య కరెంటు తీగలు. రెక్కలు తిరిగేంత ఖాళీ ఎక్కడుందో వరద వచ్చాక పైనుంచి వెతుక్కోవడం ఏం పద్ధతి?

అంబేడ్కర్ కోనసీమ, కాకినాడ, పశ్చిమ గోదావరి జిల్లాల కలెక్టర్లను మేము అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. ప్రతి లంక మండలంలో మునగని మెరక ఒకటి గుర్తించాలి. పక్కనున్న తీగల్ని పక్కకు మళ్లించాలి. పైనుంచి కనిపించేలా సున్నంతో గుర్తు వేసి, కింద జనాన్ని దూరంగా నిలబెట్టడం సచివాలయ సిబ్బందిలో ఇద్దరికి నేర్పాలి. హెలికాప్టర్ రెక్కల గాలికి ఎగిరే రేకు ముక్క ఎంత ప్రమాదమో వాళ్లకు తెలిసుండాలి. ఆ చోట్ల వివరాలన్నీ మ్యాపుతో సహా జూన్ నెలాఖరుకు డేగలోని పైలట్ల చేతికి అందాలి. జూలైలో ఎర్రనీరు ఎలాగూ వస్తుంది.