సర్వరు ఆపేశాక ఆట ఎవరిది?

శ్రీకాకుళంలో పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారికీ, ఆయన దగ్గర చదువుకుని ఇప్పుడు విశాఖపట్నంలో ఒక సంస్థలో సర్వర్ల (ఆన్‌లైన్ సేవలను నడిపే కంప్యూటర్ల) నిర్వహణ చూస్తున్న ఇంజనీరుకూ మధ్య జరిగినట్టుగా రాసిన వాదమిది. డబ్బు పెట్టి కొన్న వీడియో గేమును, తయారుచేసిన సంస్థ కొన్నేళ్ల తర్వాత పనిచేయకుండా ఆపివేయవచ్చునా అన్నది విషయం. ఆపకూడదన్నది మాస్టారి పక్షం. పెద్దాయన ఆటల తరఫున, కుర్రవాడు కంపెనీల తరఫున నిలబడటం వింతగా తోచవచ్చు గాని, ఇద్దరిలో ఆడుకోవడానికి తీరిక ఉన్నది మాస్టారికే.

మాస్టారు: ముందు జరిగినదేమిటో చెబుతాను నాయనా. ఫ్రాన్సుకు చెందిన యుబిసాఫ్ట్ సంస్థ 2014లో ‘ది క్రూ’ అనే కారు పందేల ఆటను విడుదల చేసింది. అందులో ఒక్కరే ఆడుకోదగిన కథ ఉన్నప్పటికీ, సంస్థ సర్వరుతో సంబంధం లేకుండా ఆట తెరుచుకోదు. 2023 డిసెంబరులో అమ్మకం ఆపారు, 2024 మార్చి 31న సర్వర్లు మూసివేశారు. ఆ రోజు నుంచి, డిస్కు ఇంట్లో భద్రంగా ఉన్నవాడికి కూడా ఆట లేకుండా పోయింది. అమ్మిన వస్తువును అమ్మినవాడే పనికిరాకుండా చేయడం ఏ న్యాయం?

ఇంజనీరు: మాస్టారూ, అక్కడ అమ్మినది వస్తువు కాదు, ఆడుకోవడానికి అనుమతి. ఆట మొదలుపెట్టేటప్పుడు అందరూ చదవకుండా ఒప్పుకునే ఒప్పందంలో ఆ సంగతి రాసే ఉంటుంది. సినిమా టికెట్టు కొన్నంత మాత్రాన హాలు మనది కాదు కదా. సర్వరు నడపాలంటే నెలనెలా అద్దె కట్టాలి, భద్రతా లోపాలు బయటపడినప్పుడల్లా సరిచేయాలి, అర్ధరాత్రి ఆగిపోతే లేచి చూసే మనిషి ఉండాలి. ఆ మనిషి నావంటివాడే కనుక ఆ ఖర్చు నాకు తెలుసు. పదేళ్లు గడిచి, ఆడేవారు పలచబడిన ఆటకు ఆ ఖర్చు ఎంతకాలం పెట్టమంటారు?

మాస్టారు: టికెట్టు మీద ఏ రోజు, ఏ షో అన్నది అచ్చువేసి ఉంటుంది. ఈ డిస్కు పెట్టె మీద ఫలానా తేదీ వరకే పనిచేస్తుందని రాసి ఉందా? అద్దెకిస్తున్నామని ముందే చెబితే అద్దెకు తగిన ధర చెల్లించేవాడు చెల్లిస్తాడు. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి అమలైన చట్టం అడిగేది ఇదే. ఇచ్చేది లైసెన్సు మాత్రమే అయితే ఆ మాట కొనుగోలుదారుకు స్పష్టంగా చెప్పాలని. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా, సహేతుక కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని రద్దు చేసుకోగల షరతును అన్యాయమైన ఒప్పందం కింద లెక్కగడుతుంది.

ఇంజనీరు: ఆ ‘సహేతుక కారణం’ దగ్గరే కంపెనీ వకీలు నిలబడతాడు. నష్టం సహేతుక కారణం కాదా? అదీ గాక, కారు పందేల ఆటలో కనిపించే ప్రతి కారుకూ దాని తయారీదారు అనుమతి కావాలి, వినిపించే ప్రతి పాటకూ హక్కుదారు అనుమతి కావాలి. వాటికి గడువులు ఉంటాయి.

మాస్టారు: గడువు ముగిస్తే కొత్తగా అమ్మకూడదు, అంతవరకు ఒప్పుకుంటాను. ‘ఫోర్జా హొరైజన్ 4’ కూడా కారు పందేల ఆటే. అటువంటి అనుమతుల గడువు తీరడం వల్లనే 2024 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ దాని అమ్మకం ఆపివేసింది. అయినా అప్పటికే కొన్నవారికి ఆట పోలేదు.

(ఈ జవాబుతో కారు కంపెనీల వాదన అక్కడికి ముగిసింది. ఇంజనీరు దాన్ని పట్టుకుని వేలాడకుండా తన అసలు బలం ఉన్న చోటికి రావడం నాకు నచ్చింది.)

ఇంజనీరు: సరే, దాన్ని వదిలేస్తాను. సర్వరు అంటే బీరువాలో నుంచి తీసి చేతికివ్వగల ఒక్క ప్రోగ్రాము అని జనం అనుకుంటారు. లోపలికి రానిచ్చేది ఒకటి, ఆటగాళ్లను జతపరిచేది మరొకటి, ఎవరి దగ్గర ఏమున్నదో దాచేది ఇంకొకటి, చెల్లింపులు చూసేది వేరొకటి; వీటిలో కొన్ని ఇతర సంస్థల దగ్గర లైసెన్సు మీద తెచ్చుకున్నవి, వాటిని బయటివారికి ఇచ్చే అధికారం ఆట తయారీదారుకు ఉండదు. పైగా అవన్నీ ఒక ప్రత్యేకమైన క్లౌడు ఏర్పాటు మీద నడిచేలా కట్టినవి. ‘సర్వరు మాకిచ్చి వెళ్లండి’ అనడం నోటికి తేలిక. దాన్ని చట్టంగా చేస్తే పెద్ద కంపెనీలు తట్టుకుంటాయి, పదిమందితో నడిచే చిన్న సంస్థ ఆన్‌లైన్ ఆట జోలికే రాదు.

మాస్టారు: చిన్న సంస్థే చేసి చూపించింది నాయనా. వెలాన్ స్టూడియోస్ వారు 2023 జూన్‌లో ‘నాకౌట్ సిటీ’ సర్వర్లు మూసివేస్తూ, ఆటగాళ్లే సొంతంగా సర్వరు పెట్టుకోగల కంప్యూటర్ రూపాన్ని ఉచితంగా ఇచ్చారు. 2012లో మూతపడిన ‘సిటీ ఆఫ్ హీరోస్’ను అభిమానులు తమంతట తాము తిరిగి నడిపిస్తే, యజమాని ఎన్‌సీసాఫ్ట్ 2024 జనవరిలో వారికి లైసెన్సు కూడా ఇచ్చింది.

ఇంజనీరు: ఇష్టపడి చేసినవారిని చూపి, ఇష్టం లేనివారిని చట్టంతో కట్టేయమంటున్నారు. మన పిల్లలకు తగిలిన పెద్ద దెబ్బ అసలు కంపెనీ కొట్టినదే కాదు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో పబ్‌జీ మొబైల్ అనే ఆట ఒకటి; ఆ ఆటలోని దుస్తులకీ తుపాకుల రంగులకీ పెట్టిన డబ్బంతా దానితోనే ఆగిపోయింది. దానికి ఎవరిని అడుగుతారు?

మాస్టారు: ప్రభుత్వ నిర్ణయానికి కంపెనీని తప్పుపట్టను. అయితే 2021 జూలైలో పబ్‌జీ హక్కులున్న క్రాఫ్టన్ సంస్థ ఆ ఆటను బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) పేరుతో తిరిగి తెచ్చినప్పుడు, పాత ఖాతాలోని సామగ్రిని కొత్తదానికి మార్చుకునే వీలు కల్పించింది. ఆటగాళ్లు మళ్లీ తనవైపు రావాలనుకున్నప్పుడు కంపెనీకి సాంకేతిక ఇబ్బందులు అడ్డురాలేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైనది చెబుతాను. మన ఊళ్లో, విశాఖ ఎ కాలనీలో కథానిలయం అనే తెలుగు కథల గ్రంథాలయం ఉంది. 1997 ఫిబ్రవరి 22న కథా రచయిత కాళీపట్నం రామారావు మాస్టారు ప్రారంభించారు. అక్కడి బీరువాల్లో ఉన్న పత్రికల్లో చాలావాటిని నడిపినవారు లేరు, అచ్చువేసిన ప్రెస్సులు లేవు. అయినా ఎవరో ఒకరు ఇంట్లో కట్ట కట్టి దాచుకున్న సంచిక దొరికితే చాలు, అందులోని కథ చదువుకోవచ్చు. పత్రిక మూతపడిన రోజునే చందాదారు ఇంట్లోని సంచికల మీద అక్షరాలు చెరిగిపోయి ఉంటే కథానిలయం పుట్టేదా? అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం నేడు కొనుక్కుందామన్నా దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. అటువంటి ఆటలను పరిశోధకులు గ్రంథాలయానికి రాకుండా దూరం నుంచే చూసేలా గ్రంథాలయాలకు వీలివ్వమని అడిగితే, అక్కడి కాపీరైట్ కార్యాలయం 2024 అక్టోబరులో కాదన్నది.

ఇంజనీరు: కథానిలయం కోసం ఏ పత్రికాధిపతినీ చట్టం నిర్బంధించలేదు మాస్టారూ. దాచుకున్నది పాఠకులు, కూడబెట్టినది ఒక రచయిత, ఆయన మిత్రులు. మీరు ఆ భారాన్ని తయారీదారు నెత్తిన పెడుతున్నారు.

(ఇది బలమైన మాట. మాస్టారు వెంటనే జవాబు చెప్పలేదు.)

మాస్టారు: దాచమని కంపెనీని అడగడం లేదు. దాచుకోగలవాడి చేతులు కట్టేయవద్దని అడుగుతున్నాను. పోలెండులో మొదలైన జీఓజీ అంగడి 2008 నుంచీ కాపీ చేయకుండా అడ్డుకునే తాళాలు లేని ఆటలనే అమ్ముతోంది. ఆ ఫైలు డిస్కులో పెట్టుకుంటే రేపు అంగడి లేకపోయినా ఆట ఉంటుంది.

ఇంజనీరు: తాళం లేకపోతే ఏమవుతుందో మనకు తెలియనిదా? నా కాలేజీ రోజుల్లో కాపీ సీడీ తప్ప అసలు సీడీ చూసినవాడు మా తరగతిలో లేడు, నేనూ చూడలేదు. సరే, అమ్మిన ఆటలను ఆడలేకుండా చేయవద్దని ఐరోపాలో సాగుతున్న ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమానికి 2025 జూలైలో సంతకాలు పది లక్షలు దాటాయి కనుక, వారి కోరికలో నేను ఒప్పుకోగలిగినంత చెబుతాను. ఇకపై రాబోయే ఆటలకు కనీసం ఎన్నేళ్లు నడుపుతారో పెట్టె మీద రాయాలి, ఒక్కరే ఆడే భాగం సర్వరు లేకుండా తెరుచుకోవాలి. మొదటి నుంచీ అలా కడితే పెద్ద ఖర్చు కాదు. అమ్మేసిన పాత ఆటల జోలికి మాత్రం పోకూడదు.

మాస్టారు: గొడవ ముదిరాక అదే యుబిసాఫ్ట్ 2018 నాటి ‘ది క్రూ 2’కు ఆఫ్‌లైన్ ఏర్పాటు చేస్తామని 2024 సెప్టెంబరులో ప్రకటించింది. పాతదానికి వీలుకాదని ఎలా అంటావు?

ఇంజనీరు: అక్కడ ఇంజనీర్లు ఇంకా జీతం మీద ఉన్నారు. దివాలా తీసిన సంస్థలో ఆ పని ఎవరు చేస్తారు?

మాస్టారు: ఎవరూ చేయనక్కరలేదు. ఆటగాళ్లలో ఎవరైనా తమ తంటాలు తాము పడి బాగుచేసుకుంటే, ఆ హక్కులు కొనుక్కున్నవాడు వారి మీద దావా వేయకూడదు. అంతే.

ఇంజనీరు: దానికి నాకు అభ్యంతరం లేదు, డబ్బు వసూలు చేయనంతవరకు. పాత సర్వరులోని ఆటగాళ్ల ఈమెయిళ్లూ పాస్‌వర్డులూ మాత్రం ఎవరి చేతికీ వెళ్లకూడదు. ఆ డేటాబేసును చెరిపివేసిన తర్వాతనే తక్కినదాని గురించి మాట్లాడదాం.