బీరువా వెనక బూజు

తెలుగులో బూజు అనే మాటకు రెండు అర్థాలున్నాయని నాకు తెలియక కాదు. కానీ ఆదివారం పొద్దున కాఫీ సగం కూడా తాగకముందే "ఏమండీ, బీరువా వెనక బూజు పట్టింది, చూడండి" అని మా ఆవిడ కేక వేస్తే ఎవరికైనా ముందు తట్టేది ఒకటే అర్థం. బూజుకర్ర అందుకున్నాను.

గుంటూరు అంటే రోహిణీ కార్తెలో రోళ్ళు పగిలే ఊరని బయటివాళ్ళకు తెలుసు. వాళ్ళు భాద్రపదంలో వచ్చి బ్రాడీపేటలో మా అద్దెవాటా చూడాలి. ఉప్పు నీరు కారుతుంది, అప్పడం పళ్ళెంలోకి రాకముందే మెత్తబడుతుంది, అగ్గిపుల్ల గీస్తే పుల్ల అరుగుతుంది తప్ప వెలగదు.

బీరువా జరిపితే గోడ మీద చపాతీ పీటంత నల్లటి మరక కనిపించింది. సాలీడు లేదు, గూడు లేదు. అయినా చేతిలో కర్ర ఉంది గనక దులిపాను. చెమట పడుతోందని ఫ్యాను ఐదులో పెట్టుకుని మరీ దులిపాను. నల్లటి పొడి లేచి గదికి ఒక ప్రదక్షిణం చేసి, పరుపు మీద, దిండ్ల మీద, నా కాఫీలో సర్దుకు కూర్చుంది. నాకు తుమ్ములు మొదలయ్యాయి. తెనాలి నుంచి వచ్చి ఉన్న మా అత్తగారు మొదటి తుమ్ముకు "చిరంజీవ" అన్నారు. పదిహేడో తుమ్ముకు తలుపు వేసుకున్నారు.

ఇంటర్ బైపీసీ చదువుతున్న మా అమ్మాయి వచ్చి చూసింది. "నాన్నా, అది ఫంగస్. మీరు దులపలేదు, విత్తారు" అంది. నేను లేపిన పొడిలో ఉన్నవి దాని సిద్ధబీజాలట. తడి దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే మొలకెత్తుతాయట.

వెంటనే పరుపు మీది దుప్పట్లు, దిండు గలీబులు అన్నీ ఉతికేశాను. బయట వాన. అందుకని ఆ గదిలోనే తాడు కట్టి ఆరేశాను. ఈ పని ఎంత తెలివైనదో తరవాత తెలిసింది.

ఈలోగా అమ్మాయి ఫోనులో చూసి ఇంకో పిడుగు వేసింది. విషపు నల్లబూజు అని ఒకటి ఉందట, పేరు స్టాకీబోట్రిస్. 1837లో కోర్డా అనే శాస్త్రవేత్త ప్రాగ్ నగరంలో ఒక ఇంటి గోడకాగితం మీద దాన్ని చూసి వర్ణించాడట. నిత్యం తడిసే కాగితం, అట్ట దానికి ఇష్టమైన తిండి అట. నాకు గొంతు ఆరింది. వారంటీ కోసమని దాచిన టీవీ అట్టపెట్టెను బీరువా వెనక దోపింది నేనే. రెండేళ్ళుగా భోజనం పెట్టి పోషిస్తున్నానన్నమాట.

"అయితే ఇది అదేనా?"

"కంటితో చూసి చెప్పలేం. ఆస్పర్జిల్లస్ నైజర్ నలుపే, క్లాడోస్పోరియం కూడా నలుపే. సూక్ష్మదర్శిని కింద పెట్టాలి."

"దొంగ పేరు తెలిసేదాకా ఇంట్లో ఉంచుకుంటామా ఏమిటి?" అని తలుపు తీశారు అత్తగారు.

నాకు పౌరుషం వచ్చింది. బ్లీచింగు పౌడరు, బాత్రూము యాసిడ్ ఒకే బకెట్లో కలపబోయాను. క్లోరిన్ వాయువు వస్తుందని అమ్మాయి అరిచిన అరుపుకు బకెట్ జారింది. రెండేళ్ళుగా కాలేజీకి కడుతున్న ఫీజు ఆ క్షణంలో వసూలైంది.

చివరికి తుడిచింది సబ్బునీళ్ళతోనే. కరోనా నాటి ఎన్95 మాస్కు, చేతికి తొడుగులు, కిటికీలు బార్లా, తడిగుడ్డ. పది చదరపు అడుగుల లోపు మరకైతే ఇంట్లోవాళ్ళే తుడుచుకోవచ్చని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతుందట. మాది అందులో నాలుగో వంతు లేదు. అట్టపెట్టెను సంచిలో మూటకట్టి సాగనంపాం.

అంతటితో అయిపోయిందనుకున్నాను. అత్తగారు ఒప్పుకోలేదు. ఏటా జాడీల కొద్దీ ఆవకాయ పెట్టే మనిషి. "ఆవకాయకు బూజు పడితే నేను బూజును తిట్టను అల్లుడుగారూ. తడి గరిటె ఎవరు పెట్టారో చూస్తాను" అంటూ గోడను అరచేత్తో కింది నుంచి పైదాకా తడిమారు. పైకప్పు దగ్గర చెయ్యి ఆగింది. ఆ పైన ఉన్నది ఇంటి ఓనరుగారి బాత్రూము. తరవాత వెనక్కి తిరిగి, తాడు మీద నీళ్ళోడుతున్న నా దుప్పట్లను చూశారు. ఏమీ అనలేదు. అనకపోవడమే బాధగా ఉంది.

ఓనరుగారిని పిలిచాం. చూసి, "అది నీడండీ" అన్నారు. లైటు వేశాం. "పాత నీడ" అన్నారు. మరీ మొహమాటపడి, పైన ఒక కోటింగు రంగు వేయిస్తానన్నారు.

"బూజు పట్టిన ఆవకాయ మీద నూనె పోస్తే బూజు పోతుందా అన్నయ్యగారూ?" అన్నారు అత్తగారు.

మర్నాడే ప్లంబరు వచ్చాడు. పైపు అతుకు దగ్గర కారుతోందట. బాగు చేశాడు. గోడ పది రోజులకు ఆరింది. బీరువాను గోడకు జానెడు ఎడంగా జరిపాం, గాలి ఆడాలని. దుప్పట్లు ఇప్పుడు ఆరేది వరండాలోనే.

బూజుకర్రను మాత్రం ఆ రోజే అట్టపెట్టెతో పాటు పారేశారు. ఇప్పుడు హాల్లో ఫ్యాను చుట్టూ సాలెగూళ్ళు వేలాడుతున్నాయి. మా ఆవిడ రోజూ వేలు పెట్టి చూపిస్తుంది కానీ, వాటి పేరు మాత్రం నా ముందు ఎత్తదు.