కెపాసిటర్ కంటే ముందు మందపాటి వైర్లు
కారు ఆడియో సిస్టమ్‌లో బేస్ పడినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారితే 1 ఫారడ్ కెపాసిటర్ (కరెంటును కాసేపు నిల్వ ఉంచి ఇచ్చే పరికరం) పెట్టించుకోండి అని ఒక వ్యాసంలో రాశారు, దీంతో ఏకీభవించలేను. 14 వోల్టుల నుంచి 12కి పడేలోపు ఆ కెపాసిటర్ ఇచ్చేది 26 జౌళ్ల శక్తే. 1000 వాట్లు లాగే ఆంప్‌కి (ఆంప్లిఫయర్‌కి) అది సెకనులో నలభయ్యో వంతుకు సరిపోతుంది, తర్వాత దాన్ని నింపే భారం కూడా ఇంజిన్‌తో తిరిగి కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ మీదే. ముందు మల్టీమీటర్ తీయండి. పాట గట్టిగా మోగుతుండగా ఆల్టర్నేటర్ అవుట్‌పుట్ బోల్టుకీ బ్యాటరీ ప్లస్‌కీ మధ్య వోల్టేజీ తేడా కొలవండి. అర వోల్టు దాకా కనిపిస్తే తప్పు వైరుదే. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీ ప్లస్‌కి, బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి, ఇంజిన్ నుంచి బాడీకి 25 లేదా 35 చదరపు మిల్లీమీటర్ల అసలు రాగి వైర్లు అదనంగా వేయాలి, కంపెనీ వైర్లు తీయకూడదు. రాగి పూత పూసిన అల్యూమినియం వైరుకు నిరోధం ఎక్కువ, అదే కొంటే ఒక సైజు పెంచుకోండి. కొత్త ప్లస్ వైరుకూ ఆంప్ వైరుకూ బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్లలోపే ఫ్యూజు ఉండాలి, అది కాపాడేది వైరుని, ఆంప్‌ని కాదు! ఎర్త్ (మైనస్ వైరు) బాడీకి బిగించేచోట పెయింటు గీకి, బిగించాక తుప్పు పట్టకుండా గ్రీజు రాయాలి. మైనస్ టెర్మినల్ మీద కరెంటు సెన్సర్ ఉన్న కొత్త కార్లలో మాత్రం ఆంప్ ఎర్త్ నేరుగా బ్యాటరీకి ఇవ్వొద్దు, బాడీకే ఇవ్వాలి. లేకపోతే సెన్సర్ ఆ కరెంటును లెక్కలోకి తీసుకోదు, ఛార్జింగ్ తప్పుతుంది. ఇవన్నీ చేశాక కూడా ఐడిల్‌లో (బండి ఆగి ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు) బ్యాటరీ వోల్టేజీ 12.6 కిందికి జారుతుంటే అప్పుడు పెద్ద ఆల్టర్నేటర్ గురించి ఆలోచించాలి.