చుట్టే ఫోన్ కోసం ఆగకండి

మా ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో తిరుగుతోంది. పెన్నులాంటి గొట్టంలోంచి ఒకతను తెర లాగుతాడు, అది ట్యాబ్ అయిపోతుంది. కింద మెసేజ్: "రెండేళ్లలో ఫోన్లన్నీ ఇలాగే. అద్దం ఉండదు, పగలదు. మొత్తం చుట్టేసి జేబులో పెట్టుకోవచ్చు. ఇప్పుడు ఫోన్ కొని డబ్బు తగలేయకండి." ఇది నమ్మి మా బాబాయ్ ఆరు నెలలుగా పగిలిన ఫోన్‌తోనే నెట్టుకొస్తున్నారు.

ముందు ఆ "పగలదు" సంగతి. ఎల్‌సీడీ అనే రకం తెరకి వెనక లైటు పొర కావాలి. ఓఎల్ఈడీ అనే ఇంకో రకంలో ప్రతి పిక్సెలూ, అంటే బొమ్మని ఏర్పరిచే ప్రతి చిన్న చుక్కా, తనంతట తనే వెలుగుతుంది, అందుకే దాన్ని పల్చటి ప్లాస్టిక్ మీద తయారుచేసి వంచగలుగుతున్నారు. అయితే అద్దం కంటే ప్లాస్టిక్ మెత్తన. జేబులో ఇసుక రేణువు ఉంటే చాలు, గీత పడుతుంది. పైనున్న సీలు పొర చిట్లి తేమ లోపలికి వెళ్తే పిక్సెళ్లు చచ్చిపోయి నల్ల మచ్చ పాకుతుంది. 2019 ఏప్రిల్‌లో శాంసంగ్ తన మొదటి ఫోల్డ్ ఫోన్లను రివ్యూకి ఇస్తే కొన్ని రోజుల్లోనే పాడయ్యాయి. పైన ఉన్నది స్క్రీన్‌గార్డ్ అనుకుని కొందరు రక్షణ పొరనే పీకేశారు. విడుదల సెప్టెంబరుకి వెళ్లిపోయింది. అది మడిచే తెర. చుట్టే తెరకి మోటారు, పట్టాలు అదనం, అంటే దుమ్ము దూరే సందులూ ఎక్కువే.

"మొత్తం చుట్టేయొచ్చు" అన్నదీ నిజం కాదు. చుట్టుకునేది తెర మాత్రమే. బ్యాటరీ, కెమెరా, లోపలి సర్క్యూట్ బోర్డు చుట్టుకోవు కదా! లెనోవో 2025లో చూపించిన ల్యాప్‌టాప్‌లో 14 అంగుళాల తెర పైకి లేచి 16.7 అంగుళాలవుతుంది, మిగతా సమయంలో ఆ అదనపు ముక్క కీబోర్డు కింద దాక్కుంటుంది. నాకైతే చాలా నచ్చింది. కానీ ధర 3,499 డాలర్లని ప్రకటించారు, మన లెక్కలో సుమారు మూడు లక్షలు. తెరను 20 వేలసార్లు పైకీ కిందకీ నడిపి పరీక్షించామన్నారు. ల్యాప్‌టాప్‌కి అది సరిపోవచ్చు. ఫోన్‌ని రోజుకి 50 సార్లు తెరిస్తే 400 రోజుల్లో ఆ లెక్క అయిపోతుంది.

ఇక "రెండేళ్లలో". ఎల్‌జీ 2021 జనవరిలో చుట్టే ఫోన్ చూపించి, ఏప్రిల్‌లో ఫోన్ల వ్యాపారమే మానేస్తున్నట్టు ప్రకటించింది. మోటోరోలా 2023లో చూపించినదీ నమూనాయే.

బాబాయ్, మీ ఫోన్‌లో 5 నంబరు నొక్కితే పడట్లేదు. పిన్ని మందుల షాపులో డబ్బు పంపాలంటే పక్కింటి అబ్బాయిని పిలుస్తోంది. ఆదివారం వస్తాను, వెళ్లి మామూలు ఫోనే కొందాం.